వంశధార వెంట ఒక యాత్ర



హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గంలో, పలాసకు కాస్త దక్షిణాన, నౌపడ అనే చిన్న జంక్షన్ ఉంది. చుట్టూ ఉప్పుమడులు. అక్కడ ఒక లైను విడిపోయి టెక్కలి, పాతపట్నం మీదుగా కొండల వైపు సాగుతుంది. పాతపట్నం దాటాక వచ్చే పట్నం పర్లాకిమిడి. అక్కడికి వచ్చేసరికి రాష్ట్రం మారిపోతుంది, బోర్డుల మీద తెలుగు అక్షరాల చోట ఒడియా అక్షరాలు కనిపిస్తాయి. జనం మాటల్లో మాత్రం ఆ సరిహద్దు గీత కనిపించదు. తెలుగులో బేరం మొదలుపెట్టి ఒడియాలో ముగించేవాళ్ళు బజారు నిండా ఉంటారు. రైలు కాశీనగర్ మీదుగా ముందుకు పోయి గుణుపూర్‌లో ఆగుతుంది. అది సవర గిరిజనుల కొండల ముంగిలి.

సుమారు 90 కిలోమీటర్ల ఈ దారిని వేయించింది పర్లాకిమిడి సంస్థానం. తమ రాజధానిని ప్రధాన మార్గంతో కలుపుకోవాలని రెండున్నర అడుగుల వెడల్పుతో పట్టాలు పరిపించారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా చిన్నరైలు నడిచింది. 1931 నాటికి గుణుపూర్ చేరింది. 2004లో ఆ చిన్నలైను ఆగిపోయి, బ్రాడ్‌గేజ్‌గా మారిన తర్వాత మళ్ళీ రైళ్ళు మొదలయ్యాయి. పట్టాలు వేసిన రోజుల్లో ఈ దారంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. రాష్ట్రాల సరిహద్దు అన్నది తర్వాత వచ్చి ఆ పట్టాలను అడ్డంగా దాటింది.

ఇవాళ సాంస్కృతిక పర్యాటకం అనే మాట ప్రభుత్వ ప్రకటనల్లో, కరపత్రాల్లో తరచుగా వినిపిస్తోంది. శ్రీకాకుళం జిల్లా గురించి ఒక కరపత్రం ఉంటుంది, అది ఇచ్ఛాపురం దగ్గర ముగుస్తుంది. గంజాం, గజపతి జిల్లాల గురించి మరో కరపత్రం ఉంటుంది, అది అదే ఇచ్ఛాపురం అవతల మొదలవుతుంది. రెండూ చదివినా యాత్రికుడికి దక్కేది చెరో సగం. ఇక్కడి గుడులను, రాతలను, నేతను, నాటకాన్ని, పండగలను అర్థం చేసుకోవాలంటే గీతకు రెండు వైపులా నడవాలి. అలా నడిచే దారిని రెండు రాష్ట్రాలూ కలిసి వేయాలన్నదే ఈ ప్రసంగం చెప్పదలచుకున్న మాట.

ముందుగా ముఖలింగం చూద్దాం. శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, వంశధార ఒడ్డున, జలుమూరు మండలంలో ఉన్న పల్లె ఇది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఊరి మొదట్లోనే సోమేశ్వరాలయం తన రేఖాశిఖరంతో నిటారుగా నిలబడి ఉంటుంది. లోపలికి వెళ్తే మధుకేశ్వరాలయం, ఆపైన భీమేశ్వరాలయం. ద్రాక్షారామమో తంజావూరో చూసిన కళ్ళకు ఈ కట్టడం కొత్తగా ఉంటుంది. భువనేశ్వర్ చూసినవాళ్ళకు మాత్రం ఎక్కడో చూసిన ముఖంలా అనిపిస్తుంది. కారణం ఒకటే, ఇది కళింగ శైలి. స్వామి ఇప్పచెట్టులో వెలిశాడని, సవరల నడుమ ప్రత్యక్షమయ్యాడని స్థలపురాణం చెబుతుంది. రాజుల గుడికీ కొండజనానికీ ఉన్న బంధం ఆ కథలోనే ఉంది.

ఈ గాంగ వంశంలోనే 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు రాజ్యాన్ని ఉత్తరాన గంగా తీరం వైపు విస్తరించాడు. రాజధాని కటకానికి తరలింది. పూరీలో ఇప్పుడు కోట్ల మంది దర్శించుకునే జగన్నాథాలయ నిర్మాణం మొదలుపెట్టినవాడు ఆయనే. ఆ వంశీకుడే అయిన నరసింహదేవుడు 13వ శతాబ్దంలో కోణార్క సూర్యాలయం కట్టించాడు. కోణార్క 1984 నుంచి ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో ఉంది. ఏటా లక్షల మంది పూరీ, కోణార్క చూసి వెనక్కి వెళ్ళిపోతారు. ఆ వంశం బయలుదేరిన ఊరు వంశధార ఒడ్డున ఉందని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. అరసవల్లిలోనూ సూర్యాలయం ఉంది. దాన్ని గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు ఎండ పొడ గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతుంది. అరసవల్లి, ముఖలింగం, పూరీ, కోణార్క – ఒకే రాజవంశం పేరు చెప్పుకునే నాలుగు మజిలీలు. వాటిని ఒక దారిగా చెప్పే పుస్తకం ఒక్కటి ఏ స్టేషన్ దుకాణంలోనైనా దొరికితే ఎంత బాగుండును!

శ్రీకూర్మం కథ మరో రకం. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే అరుదైన క్షేత్రం ఇది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ఆలయానికి రెండు ధ్వజస్తంభాలు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాతకాలపు రంగుల చిత్రాలు, స్తంభాల మీద శతాబ్దాల తరబడి చెక్కిన శాసనాలు. గాంగుల కొలువులో పెద్ద పదవి నిర్వహించిన ద్వైత గురువు నరహరి తీర్థుల 1281 నాటి శాసనం ఇక్కడే ఉంది. దీపానికి నెయ్యి ఇచ్చినవాళ్ళు, భూములు రాసినవాళ్ళు, యుద్ధాలు గెలిచినవాళ్ళు అందరూ ఆ రాళ్ళ మీద పేర్లు రాయించుకున్నారు. రోజూ వందల మంది భక్తులు ఆ స్తంభాలకు ఆనుకుని కూర్చుంటారు. ఫలానా స్తంభం మీద ఫలానా సంగతి ఉందని చెప్పే చిన్న పలక ఉన్నా చాలు, అక్కడ నిలబడి చదివేవాళ్ళు తప్పక ఉంటారు.

ఇక సరిహద్దు గీత పడిన 1936కు వద్దాం. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. ఒడియా మాట్లాడేవాళ్ళకు ఒక రాష్ట్రం కావాలని దశాబ్దాలు సాగిన ఉద్యమానికి ఫలితం అది. అందులో ముందు నిలిచినవారిలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ ఒకరు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఆ వాదన వినిపించారు, 1937లో ఒరిస్సాకు తొలి ప్రధాని అయ్యారు. పాత గంజాం జిల్లా రెండుగా చీలింది. బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్ళాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. పర్లాకిమిడి జమీందారీయే రెండు ముక్కలైంది. కోట ఒక రాష్ట్రంలో, దానికి శిస్తు కట్టిన పల్లెల్లో చాలా భాగం మరో రాష్ట్రంలో పడ్డాయి. తెలుగువాళ్ళలో బాధపడినవాళ్ళు ఎందరో, ఒడియావాళ్ళలో సంబరపడినవాళ్ళు ఎందరో. ఆ రెండు భావాలూ నిజమే. ఈ ప్రాంతం కథ చెప్పేటప్పుడు ఒకదాన్ని దాచి మరొకదాన్ని చెప్పకూడదు.

ఆ చీలికలో ఒక మనిషి జీవితం ఉంది. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆయన ఇల్లూ వాకిలీ, ఉద్యోగం, పరిశోధన అంతా పర్లాకిమిడిలో సాగిందన్న సంగతి అంతగా తెలియదు. అక్కడ రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు బడులు పెట్టించారు, సవర వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ముఖలింగం శాసనాలను చదవడానికి స్వయంగా పాత లిపులు నేర్చుకుని గాంగుల చరిత్ర మీద వ్యాసాలు రాశారు. 1919లో శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను మొదట గుర్తించిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. గిడుగు పేరు మీద ఒక దారి వేస్తే అది పర్వతాలపేటలో మొదలై, ముఖలింగం, శాలిహుండం, పర్లాకిమిడి, సవర గూడేల మీదుగా తిరుగుతుంది. తెలుగు భాష మీద ప్రేమ ఉన్న ప్రతి ఉపాధ్యాయుడూ తన విద్యార్థులను తీసుకెళ్ళదగ్గ యాత్ర అది.

అదే 1936లో, అదే కొండల్లో, మరో సంగతి జరిగింది. మాంగేయ్ గొమాంగో అనే సవర పండితుడు తన భాషకు సొంత లిపి రూపొందించాడు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. తెలుగు, ఒడియా ప్రాంతాలు భాషల పేరు మీద విడిపోతున్న సంవత్సరంలోనే, ఆ రెంటికీ చెందని ముండా కుటుంబపు భాష ఒకటి తనకంటూ అక్షరాలు సమకూర్చుకుంది. సవరలు ఇప్పటికీ సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. ఇటు సీతంపేట కొండల్లో, అటు గజపతి, రాయగడ జిల్లాల్లో. వాళ్ళు ఇంటి గోడల మీద తెల్లటి గీతలతో వేసే బొమ్మలు పూర్వీకులకూ దేవతలకూ నివేదించే పూజలో భాగం. లాంజియా సవరల ఈ చిత్రకళకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ ప్రాంతం రెండు భాషలది అనడం అలవాటు. నిజానికి ఇది మూడు భాషల నేల.

కళల్లోనూ గీత నిలబడదు. దక్షిణ ఒడిశాలో, ముఖ్యంగా గంజాం పల్లెల్లో, రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకం ఉంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు గర్జిస్తూ దిగి వస్తుంటే పిల్లలు తల్లుల వెనక నక్కుతారు. ఆ పాటల్లో కర్ణాటక సంగీతపు ఛాయలు స్పష్టంగా వినిపిస్తాయి. ఒడిశా గర్వంగా చెప్పుకునే ఈ నాటకం జలంత్ర జమీందారు రామకృష్ణ ఛోటరాయ్ ఆస్థానంలో రూపుదిద్దుకుంది. ఆ జలంత్రకోట నేడు శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలంలో ఉంది. నాటకం ఆడేవాళ్ళు ఒక రాష్ట్రంలో, నాటకం పుట్టిన ఊరు మరో రాష్ట్రంలో. జలంత్రకోటలో ఏటా ఒక్క రాత్రి గంజాం బృందాన్ని పిలిపించి ప్రహ్లాద నాటకం ఆడిస్తే, ఆ పక్కనే రొమ్ముకు తప్పెట కట్టుకుని గంతులేసే ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళ బృందాన్ని నిలబెడితే, ఆ రాత్రి ఊళ్ళో ఎవరూ నిద్రపోరు.

బరంపురంలో ఈ కలయిక ఇంకా చిక్కన. ఒడిశాలో పేరుమోసిన బరంపురం పట్టు నేసేవాళ్ళు, ఎప్పుడో తెలుగు నేల నుంచి వలస వెళ్ళిన దేవాంగుల సంతతి. అక్కడ వాళ్ళను దేరాలంటారు. రెండేళ్ళకోసారి ఊరంతా పట్టనంత జనంతో జరిగే బుఢీ ఠాకురాణి జాతర ఆ నేతవాళ్ళదే. అమ్మవారు పుట్టింటికి వస్తుంది. నేతవాళ్ళ పెద్ద తండ్రి స్థానంలో నిలబడి ఆహ్వానిస్తాడు. మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. తెలుగు కుటుంబాలు ఆరంభించిన పండగ ఇప్పుడు దక్షిణ ఒడిశాకే పెద్ద పండగ. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి 1894లో పుట్టింది కూడా ఈ బరంపురంలోని తెలుగింటనే. ఇటు పాతపట్నంలోని నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్తే, మొక్కు చెల్లించుకునే వరసలో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసే నిలబడతారు.

చేతిపనుల సంగతి తీసుకుంటే పొందూరు ఒక్కటే ఒక పూట. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ ఎముకలోని సన్నటి పళ్ళు దూదిలోని నలకను పట్టేస్తాయి. గింజ తీసి, ఏకులు చుట్టి, రాట్నం మీద నూరో కౌంటు నూలు వడికే ఆడవాళ్ళు ఇంకా అక్కడ ఉన్నారు. గాంధీజీ మెచ్చిన ఖద్దరు ఇది. అయితే వడికేవాళ్ళ వయసు పెరుగుతోంది, కొత్తగా నేర్చుకునే చేతులు తగ్గుతున్నాయి. ఎముకతో దూది దువ్వడం కళ్ళారా చూసిన మనిషి ఆ తర్వాత పంచె ధర గురించి పేచీ పెట్టడు. దుకాణంలో మడతపెట్టి ఉన్న గుడ్డ ఆ సంగతి చెప్పలేదు. సరవకోట మండలంలోని బుడితిలో ఇత్తడి, కంచు పని. దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చేసే పనివాళ్ళున్నారు. పొందూరు, బుడితి, పర్లాకిమిడి, బరంపురం – నాలుగూ ఒకే రోడ్డు ప్రయాణంలో ఇమిడిపోయే ఊళ్ళు.

బౌద్ధం దారి మరీ అపురూపమైనది. శ్రీకాకుళానికి దగ్గర్లోనే, వంశధార దక్షిణపు గట్టున శాలిహుండం కొండ. పైకి ఎక్కితే స్తూపాల పునాదులు, చైత్యాలు, ఇటుక గోడలు, కింద నది, దూరాన కళింగపట్నం దగ్గర సముద్రం. తార, మారీచి వంటి దేవతల శిల్పాలు ఇక్కడ దొరికాయి. అంటే ఇక్కడ బౌద్ధం శతాబ్దాల తరబడి రూపాలు మార్చుకుంటూ బతికింది. ఉత్తరాన గంజాంలో, ఋషికుల్య ఒడ్డున జౌగడ రాతి మీద అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షల మందిని పోగొట్టుకున్న జనం కోసం ప్రత్యేకంగా చెక్కించిన శాసనాలు కూడా వాటిలో ఉన్నాయి. ఈ రెండిటి మధ్య, గజపతి జిల్లా చంద్రగిరిలో, 1960ల్లో వచ్చి స్థిరపడిన టిబెటన్ల ఊళ్ళున్నాయి. అక్కడి జిరాంగ్ ఆరామాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. శిథిలమైన స్తూపం, చక్రవర్తి రాయించిన రాయి, పొద్దున్నే మంత్రాలు చదివే బాలభిక్షువులు – బౌద్ధం ఆది నుంచి నేటి దాకా ఒకే ప్రయాణంలో కనిపించే చోట్లు దేశంలో ఎన్ని ఉంటాయి? కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద 2017–18లో ఆంధ్రప్రదేశ్‌కు మంజూరు చేసిన బౌద్ధ సర్క్యూట్‌లో శాలిహుండం ఉంది. అది అక్కడి నుంచి దక్షిణంగా తొట్లకొండ, బావికొండ, అమరావతి వైపు సాగుతుంది. ఉత్తరం వైపు మాత్రం ఒక్క అడుగు వేయలేదు.

ఇవిగాక 1,501 మీటర్ల మహేంద్రగిరి, దాని మీద గాంగులు ఇలవేల్పుగా కొలిచిన గోకర్ణేశ్వరుడు. ఆ కొండ ఒడిశాది, నీడ మందసది. కొండ నుంచి దిగిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మందసలో కళింగ శైలి వాసుదేవాలయం, నోట్లో కరిగే కోవా. పలాసలో జీడిపప్పు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఊరి చింతచెట్ల మీదే కాపురం పెట్టే కొంగలు, గూడబాతులు. వాటిని ఊరివాళ్ళు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు.

ఇంత ఉండగా లోటు ఎక్కడ? గుడులు ఉన్నాయి, రోడ్డు ఉంది, 16వ నంబరు జాతీయ రహదారి నడిమధ్య నుంచి పోతుంది. ఒక చోటు నుంచి మరో చోటుకు తీసుకెళ్ళే కథా, చెప్పే మనిషీ, రాత్రి పడుకునే చోటూ – ఈ మూడూ లేవు. విశాఖలో బస చేసి పొద్దున్నే కారెక్కి, అరసవల్లి, శ్రీకూర్మం దర్శనం చేసుకుని సాయంత్రానికి వెనక్కి వెళ్ళే యాత్రికుడు జిల్లాలో ఖర్చు పెట్టేది కొబ్బరికాయకూ భోజనానికీ. అతను ఒక్క రాత్రి ఉంటే వంటచేసే ఇల్లు, ఆటో నడిపే కుర్రాడు, ఖద్దరు సంఘం, కోవా దుకాణం అందరికీ పని దొరుకుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జిల్లా తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కొబ్బరిమొక్క నాటి కాయ చూడాలంటే ఏళ్ళు పడుతుంది. తోట ఒక్కదాని మీదే బతికే కుటుంబానికి రెండో ఆదాయం ఎంత అవసరమో ఆ తుపాను చెప్పింది. చదువుకున్న కుర్రవాళ్ళు పనికోసం విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో వెళ్ళే ప్రాంతమిది. సొంతూరి కథ చెప్పి సంపాదించుకునే ఉద్యోగం ఇక్కడ చిన్న విషయం కాదు.

ఇలాంటివి జరగవని అనుకోనక్కర్లేదు. ఇటలీ, స్లొవేనియా సరిహద్దులో గొరీజియా, నోవా గొరీత్సా అనే జంట పట్నాలున్నాయి. 1947లో గీసిన గీత ఒకే ప్రాంతాన్ని ఇటలీ, యుగోస్లావియాల మధ్య పంచింది. రైల్వే స్టేషన్ ముందున్న మైదానం మీదుగా కంచె వేశారు. 2004లో ఆ కంచె తీసేశారు. 2025లో ఆ రెండు పట్నాలూ కలిసి, ఒకే పేరుతో, యూరప్ సాంస్కృతిక రాజధానిగా సంవత్సరమంతా ఉత్సవాలు జరుపుకున్నాయి. యుద్ధం చేసుకున్న రెండు దేశాలవాళ్ళు చేసిన పని ఇది. శ్రీకాకుళం, గజపతి జిల్లాల మధ్య కంచె కూడా లేదు.

దగ్గరి పాఠాలూ ఉన్నాయి. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో పటచిత్రకారుల ఇంటి అరుగు మీదే కూర్చుని, బొమ్మ వేస్తుండగా చూసి కొనుక్కోవచ్చు. నడుమ దళారి ఉండడు. చిలికా ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్ళే ఇప్పుడు పడవలు నడుపుతూ ఆ పక్షుల పేర్లు చెబుతున్నారు. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడికి జనాన్ని రప్పించింది మగ్గమే. రఘురాజ్‌పూర్ పొందూరుకూ బుడితికీ నేర్పగలదు. మంగళాజోడి తేలినీలాపురానికి నేర్పగలదు.

మరి చేయాల్సిందేమిటి? మొదటిది నాలుగు రోజుల దారి. మొదటి రోజు అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం. రెండో రోజు పొందూరు, ముఖలింగం, బుడితి, పాతపట్నం దుర్గమ్మ, రాత్రికి పర్లాకిమిడి. మూడో రోజు పొద్దున గజపతుల కోట, కొమ్ముపనివాళ్ళ వీధి, ఆపైన చంద్రగిరి. నాలుగో రోజు బరంపురం పట్టు వీధులు చూసుకుని, తీరం వెంట దక్షిణంగా ఇచ్ఛాపురం, సోంపేట, మందస మీదుగా వెనక్కి. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలూ ఒకే టిక్కెట్టుతో, ఒకే పుస్తకంతో దీన్ని అమ్మాలి. దారంతా బోర్డులు తెలుగు, ఒడియా, హిందీల్లో ఉండాలి. సవర గూడేల దగ్గర సవర అక్షరాలు కూడా ఉండాలి.

రెండోది మనుషులు. శ్రీకాకుళంలో, పర్లాకిమిడిలో, బరంపురంలో చరిత్ర చదువుకున్న పిల్లలు ఉన్నారు, రెండు భాషలు పుట్టుకతో వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు శాసనం చదవడం, శిల్పం గుర్తుపట్టడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నేర్పితే, సరిహద్దు రెండు వైపులా చెల్లే ఒకే గుర్తింపు కార్డు ఇస్తే, చాలు. మూడోది రైలు. విశాఖ–అరకు మార్గంలో 2017లో పెట్టిన అద్దాల పెట్టె ఎంత మందిని ఆకర్షించిందో అందరూ చూశారు. నౌపడ–గుణుపూర్ మార్గంలో శని, ఆదివారాలైనా అలాంటి పెట్టె ఒకటి తగిలిస్తే, వేళలు యాత్రికులకు అనువుగా మారిస్తే, ఆ మార్గమే ఒక చూడదగ్గ సంగతి అవుతుంది. పాత చిన్నరైలు ఇంజను కథ, ఫొటోలు, టిక్కెట్లు ఒక గదిలో పెట్టడానికి నౌపడ స్టేషన్‌కు మించిన చోటు లేదు.

జాగ్రత్తలూ అంతే ముఖ్యం. సవరల గోడబొమ్మ పూజలో భాగం. దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఏ గూడేనికి ఎవరు రావచ్చు, ఏ రోజున రాకూడదు అన్నది ఆ గూడెం పెద్దలే చెప్పాలి. వచ్చిన డబ్బులో వాటా ముందే మాట్లాడుకోవాలి. గూళ్ళు కట్టుకున్న చెట్ల కింద హారన్లు, డ్రోన్లు వద్దు. గుడులకు రంగులు వేయాలనే ఉత్సాహం శాసనాలకు పెద్ద శత్రువు. ఒక కోటు సున్నం, ఒక బస్తా సిమెంటు చాలు, వెయ్యేళ్ళ రాత మాయమవడానికి. శ్రీకూర్మం చిత్రాల లాంటివి ఒకసారి పోతే తిరిగి రావు. అందుకే ముందు సంరక్షణ, తర్వాత ప్రచారం. తుపానుల నెలలు దాటాక, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా యాత్రికులను పిలవడం మేలు.

వంశధార నీళ్ళ పంపకం కోసం రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్‌కు వెళ్ళాయి. 2010లో ఏర్పడిన ఆ ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చింది. నీళ్ళు పంచుకుంటే తగ్గుతాయి కాబట్టి తగవు వస్తుంది. ముఖలింగం చూసిన ఒడియా యాత్రికుడి వల్ల తెలుగువాడికి తగ్గేది ఏమీ లేదు. పర్లాకిమిడి కోట చూసిన తెలుగువాడి వల్ల ఒడియావాళ్ళు పోగొట్టుకునేదీ లేదు. ఇందుకు ట్రిబ్యునల్ అక్కర్లేదు, ఇద్దరు కలెక్టర్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటే పని మొదలవుతుంది.

మొదలుపెట్టడానికి రోజు కూడా సిద్ధంగా ఉంది. ఏటా మహాశివరాత్రికి ముఖలింగం జనంతో నిండిపోతుంది. ఆ ఉత్సవాల్లో వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానానికి ఒడిశా పల్లెల నుంచీ భక్తులు తరలివస్తారు. వచ్చే శివరాత్రికి శ్రీకాకుళం, గజపతి జిల్లాల యంత్రాంగాలు కలిసి నాలుగు పనులు చేయవచ్చు. గుడి దగ్గర తెలుగు, ఒడియా భాషల్లో ఒక చిన్న పుస్తకం పంచడం. పొందూరు నూలు, బుడితి ఇత్తడి, పర్లాకిమిడి కొమ్ముపని పక్కపక్క దుకాణాల్లో పెట్టించడం. సాయంత్రం తప్పెటగుళ్ళకూ ప్రహ్లాద నాటకానికీ ఒకే వేదిక ఇవ్వడం. ముఖలింగం నుంచి పర్లాకిమిడికి, అక్కడి నుంచి వెనక్కి, ఆ కొద్ది రోజులూ బస్సులు తిప్పడం. వీటికి కొత్త పథకాలు, కొత్త భవనాలు అక్కర్లేదు. ఎంత మంది బస్సెక్కారో, ఎంత సరుకు అమ్ముడుపోయిందో రెండు జిల్లాలూ లెక్క రాసుకుంటే, మరుసటి ఏడాదికి ఏ ఊరిని కలపాలో ఆ లెక్కే చెబుతుంది.